ఆరేసిన చొక్కాలు

"ఆవిడ చెప్పేది నిజం కాదు! అది వట్టి బట్టలు ఆరేయడం కాదు!"

టూంగాబీ కమ్యూనిటీ హాల్లో చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. వెనక వరసలో చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆయన ఇంగ్లీషులో పోర్చుగీసు యాస.

అమూల్య చటుక్కున స్టేజీ వైపు తిరిగింది. స్టేజీ మీద కూర్చున్న మార్లీ బ్రెజిల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆర్టిస్టు. అక్కడ సైన్యం రాజ్యమేలుతున్న రోజుల్లో ఆమె ప్రయోగంగా తీసిన చిన్న ఫిల్మ్‌నే ఇప్పుడు తెర మీద వేశారు. ఒక ఆడమనిషి డాబా మీద చొక్కాలు ఆరేస్తుంది. అంతే. మాట ఉండదు, ముఖం కనిపించదు. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న ఆ రీలును, యూనివర్సిటీలో సినిమా చదువుతున్న అమూల్యే వెంటపడి బయటికి తీయించింది. దానికి అర్థమేమిటని ఇందాక ఎవరో అడిగితే, "ఏమీ లేదు, బట్టలు ఆరేయడమే," అని మార్లీ నవ్వేసింది.

ముసలాయన కర్ర పోటేసుకుంటూ ముందుకు వస్తున్నాడు.

"అక్కా, ఈయనెవరో అప్పటి మిలిటరీ బాపతులా ఉన్నాడు. సెక్యూరిటీకి కాల్ చేయనా?" ప్రొజెక్టర్ దగ్గర నుంచి అమూల్య తమ్ముడు అభినవ్ గొంతు తగ్గించి అడిగాడు.

"వెయిట్ చెయ్‌రా. నువ్వు డోర్ దగ్గరుండు."

అనవసరంగా ఈవిడను ఇక్కడికి లాక్కొచ్చానే అనుకుంటూ అమూల్య వెళ్లి స్టేజీ మెట్లకు అడ్డంగా నిలబడింది. "సర్, ప్లీజ్. అక్కడే ఆగండి."

ఆయన ఆగాడు. చూపు మాత్రం మార్లీ మీద నుంచి కదల్లేదు.

"ఆ చొక్కాలు తొడుక్కోవలసినవాళ్లంతా అప్పటికే పట్టుబడ్డారు. అందుకే అవి ఎండి బిగుసుకుపోయాయి. చివరిదొక్కటే తడి. ఇంకా నీళ్లు కారుతున్నాయి. దాన్ని తొడుక్కునే మనిషి ఒక్కడే దొరకలేదు. మీ ఇంట్లోనే దాక్కుని ఉన్నాడు. అవునా?"

మార్లీ కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది.

"మా తమ్ముడు," అంది. "ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూశాను, తెలిసింది."

"అబద్ధం! చూసినవాళ్లెవరూ కనిపెట్టలేకపోయారు. సెన్సారు ఆఫీసరైతే మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాడు. 'ఆడమనిషి బట్టలు ఆరేసుకుంటోంది, ఇందులో ఇంకేమీ లేదు' అని రాసి రీలు తిరిగిచ్చేశాడు. ఆ మూర్ఖుడి పుణ్యమా అని మా తమ్ముడు సరిహద్దు దాటి బతికిపోయాడు!"

ముసలాయన తల దించుకున్నాడు.

"ఆ మూర్ఖుణ్ణి నేనేనమ్మా," అన్నాడు.