రెండో టాప్‌కోట్

పార్లర్‌లో పనిచేసే ఆ పిల్లకి పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు.

ఎలా నిలుస్తుంది? అక్కకి ఏడో నెలలోనే పుట్టిన పాప, ముప్పై ఎనిమిది రోజులు ఆస్పత్రి గాజుపెట్టెలో గడిపి, సాయంత్రం ఐదున్నరకి ఇంటికి బయల్దేరుతోంది. ఇన్నాళ్ళూ పిన్నిగారికి అద్దం ఇవతలి నుంచి తొంగిచూడటమే దక్కింది. అందుకే అక్క తర్వాత మొదట ఎత్తుకునేది తనే అని బావతో పోట్లాడి మరీ మాట తీసుకుంది.

రేపు అక్క గోళ్ళకి వెయ్యాలని ఓ రంగు కూడా దాచిపెట్టింది. కొత్తగా వచ్చిన వంగపండు రంగు, దానిమీదికి వెండి గ్లిటర్. వేసి చూద్దామంటే చెయ్యిచ్చేవాళ్ళు కావాలి కదా!

సరిగ్గా మూడున్నరకి తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి.

"మెరిసే రంగులేమైనా ఉన్నాయా అమ్మాయ్?"

వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

"రండాంటీ, కూర్చోండి!"

ఆవిడ చేతులు చాపింది. సబ్బుతో కడిగి కడిగి ఎండిపోయిన చేతులు. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి.

"ఇరవై ఏళ్ళయింది వీటికి రంగు తగిలి. ఇవాళ మనసు మహా హుషారుగా ఉంది. కాసేపు వేసుకుని, చూసుకుని, తీసేసి పోతా."

"తీసెయ్యడమా! ఎందుకూ?"

"ఐదింటికి పనిలో ఉండాలి."

"ఏం పని?"

"పసిపిల్లల్ని చూసుకుంటా."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

ఆవిడ పకపకా నవ్వింది. "మా మీద ఒకావిడ ఉందిలే, గయ్యాళి. గోటి మీద చుక్క కనిపించినా గుమ్మం దాటనివ్వదు."

ఎవరింట్లోనో ఆయా కాబోలు అనుకుంది పిల్ల.

మొదటి పూత పడింది. ఆవిడ కళ్ళు ఇంతింతయ్యాయి.

"అబ్బ! చాలమ్మాయ్, ఇది చాలు."

"భలేవారే! అసలు సంగతి ఇప్పుడే కదా మొదలు."

గ్లిటర్‌ని కుంచెతో పులిమితే ఒకచోట గుట్ట పడుతుంది, ఒకచోట బోసిపోతుంది. అందుకని స్పాంజి ముక్కకి అద్ది, గోటి చివర నుంచి కిందికి మెల్లగా తట్టింది. ఇంకోసారి తట్టింది. దీపం కింద పెట్టి చూస్తే వెండి చుక్కలు తళుక్కుమన్నాయి.

"ఇవి నా చేతులేనా!" అంది ఆవిడ.

"ఆగండి, పైన నునుపు పూత, టాప్‌కోట్ పడనివ్వండి."

ఒకటి పడింది. వేలితో తడిమితే ఇంకా గరుగ్గానే ఉంది. గ్లిటర్ ఒక టాప్‌కోట్‌కి లొంగే రకం కాదు. రెండోది కూడా మందంగా వేసింది. ఈసారి అద్దంలా నున్నగా వచ్చింది.

ఆవిడ పది వేళ్ళూ ఆడించుకుంటూ చిన్నపిల్లలా మురిసిపోయింది.

"నాకూ ఇవాళ మంచిరోజే ఆంటీ. సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూస్తున్నా."

"అయితే ఇద్దరం ఒకలాగే ఉన్నాం!"

దిష్టి తగులుతుందన్న భయంతో పాప సంగతి మాత్రం పిల్ల ఎత్తలేదు.

"ఇక తీసెయ్యి తల్లీ."

పిల్ల అప్పుడు చూసింది గడియారం. పావుతక్కువ ఐదు! ఒక్క పూతయితే రెండు తుడుపుల్లో పోయేది. ఇప్పుడు ఒక్కో గోరూ రిమూవర్ దూదిలో నానాలి. గోటితో పోయేదాన్ని తనే గొడ్డలిదాకా తెచ్చింది. బస్సు తప్పితే పాప వేరేవాళ్ళ చేతుల్లోకి పోతుంది.

"ఇది ఊడాలంటే గంట పడుతుందాంటీ. నేను పోవాలి. ఇవాళ్టికి ఉంచేసుకోండి."

"ఉంచుకోకూడదమ్మా. నన్ను లోపలికి రానివ్వరు. కాస్త..."

"ఒక్కపూట పిల్లల్ని ఇంకెవరైనా ఆడిస్తార్లెండి! ఆయా పనికి ఇంత హడావుడా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. పిల్ల రిమూవర్ సీసా, దూది ఆవిడ సంచిలో కుక్కేసి, దీపం ఆర్పేసింది.

"రంగు మాత్రం చాలా బాగుందమ్మా," అని డబ్బిచ్చి, గబగబా వెళ్ళిపోయింది ఆవిడ.

ఐదున్నరకి ఐదు నిమిషాల ముందే ఆస్పత్రి మెట్లెక్కింది పిల్ల. అక్కా బావా వరండాలో బల్ల మీద ఉన్నారు. పాప ఇంకా బయటికి రాలేదు.

ఆరు కావస్తున్నా రాలేదు.

"ఏంటక్కా ఈ ఆలస్యం?"

"నర్సమ్మ కోసం చూస్తున్నాం. ఆవిడ చేతుల మీదుగానే తీసుకుంటానన్నా."

"ఎవరిస్తే ఏంటి?"

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "అలా అనకే. ఊపిరి తీసుకోవడం పాప మూడుసార్లు మర్చిపోయింది. మూడుసార్లూ వేలితో అరికాలు తట్టి గుర్తుచేసింది ఆవిడే. టోపీ, ముసుగు తప్ప మొహం కూడా సరిగ్గా చూడలేదు మనం. దీన్ని ఇంటికి పంపేరోజు నాకు పండగ అని నిన్నంతా ఒకటే సంబరం."

"మరి రాలేదేం?"

"వచ్చి గంటయింది. చేతికి ఏదో అంటుకుందట, పోతేగానీ పెద్ద నర్సు లోపలికి రానివ్వట్లేదు. అదిగో, కుళాయి దగ్గర."

పిల్ల తలతిప్పి చూసేసరికి, వంగపండు రంగు ఇంకా నాలుగు గోళ్ళకి మిగిలి ఉండగా, తనిచ్చిన దూదితోనే గబగబా రుద్దుకుంటూ నిలబడి ఉంది ఆ ఆయా.