గాటు లేని వేళ్లు

"పోలీసులకి చెప్పాల్సిందే" అని మామగారు, "ఇంటి గుట్టు వీధిన పడేస్తారా?" అని కొడుకు. పొద్దున మొదలైన రగడ భోజనాల బల్ల దగ్గరకొచ్చినా తెగలేదు.

పోయింది మామూలు వస్తువు కాదు. పల్చటి చెక్క పొరలని సన్న రంపంతో కోసి, ముక్కకి ముక్క అతికించి చేసిన కళాసంఘం అధ్యక్షుడి బొమ్మ. రేపు సభలో మామగారు ఆయనకి బొమ్మ ఇస్తారు, ఆయన మామగారికి 'దారుచిత్ర సమ్రాట్' బిరుదు ఇస్తారు. బొమ్మ లేకపోతే బిరుదూ లేదు. అధ్యక్షుడి ముఖం నలుపు, జుట్టు తెలుపు. బొమ్మలో మాత్రం ముఖం తెల్లగా, జుట్టు నల్లగా ఉండాలని ఆ అధ్యక్షుడే ముచ్చటపడ్డారు. అచ్చం అలాగే కుదిరింది.

"నా పనిగదిలోకి మీ అత్తయ్య తప్ప ఎవరూ రారు, అదీ ఊడవడానికి. నిన్న తలుపు దగ్గర తచ్చాడింది నువ్వే కదమ్మా?" మామగారు కోడలిని నిలదీశారు.

"టీ తెచ్చాను మామయ్యగారూ. బొమ్మని తినేస్తానా?"

కొడుకు అడ్డుపడ్డాడు. "పోనీ ఇంకోటి చేసెయ్యండి నాన్నా."

"ఇంకోటా? రబ్బరు స్టాంపనుకున్నావా? ఒకసారి కోస్తే ఒక్కటే వస్తుంది. లోకంలో దానికి జోడీ ఉండదు!" అంటూ మామగారు రెండు చేతులూ పైకెత్తారు. ఆ వేళ్ల మీద ఒక్క గాటు ఉండదు. అది మహా నైపుణ్యానికి గుర్తని సంఘం పత్రిక రాసింది కూడా.

అత్తగారు వడ్డిస్తున్నారు. ఆవిడ వేళ్లకి ఎప్పుడూ ఒకటో రెండో ప్లాస్టర్లుంటాయి.

"మీ అమ్మకి ముప్పయ్యేళ్లయినా కూరగాయలు తరగడం రాలేదు" అని మామగారు ఆ కోపంలోనూ ఓ విసురు విసిరారు. "ఇల్లంతా గాలించాను. ఎక్కడా లేదు!"

ఇల్లంతా అంటే వంటిల్లు తప్ప. అందులో ఆయన అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

అత్తగారు గరిటె పెట్టేసి లోపలికెళ్లి, పాత దుప్పటిలో చుట్టిన పలక ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. అధ్యక్షుడే. అదే మీసం, అదే చిరునవ్వు. కానీ ముఖం నలుపు, జుట్టు తెలుపు. నిలువెత్తు నిజం.

"ఇదెక్కడిది?" మామగారు పలక మీదకి వంగారు.

"లేత పొర మీద ముదురు పొర పెట్టి కలిపి కోస్తారండీ. ఎప్పుడు కోసినా రెండు బొమ్మలొస్తాయి. ఒకదాంట్లో తెలుపు రెండోదాంట్లో నలుపవుతుంది."

"రెండా?" అన్నారు మామగారు.

కోడలు ఆయన వేళ్ల వైపు చూసింది. తర్వాత అత్తగారి ప్లాస్టర్ల వైపు చూసింది.

"కోసినవాళ్లకి తెలుస్తుంది లెండి," అత్తగారు అందరికీ మజ్జిగ పోస్తూ నెమ్మదిగా అన్నారు, "మీ సంతకం ఉన్నదాన్ని నేనే బియ్యం డబ్బాలో దాచాను, ఉంచుకోండి, రేపు నా బొమ్మ పట్టుకుని సభకి నేను వెళ్తున్నాను."