మనాలి టైర్లు

"ఈ సన్నటి టైర్లతో మనాలి కొండల్లో తిరగాల్నా? నేను రాను. నువ్వొక్కడివే పో!" నయన చేతిలోని టైరును కౌంటరు మీద పడేసింది.

"సన్నం కాదే, తేలిక," అన్నాడు ఆమె మొగుడు అమరేష్. "ఎగువ తొక్కేటప్పుడు తెలుస్తుంది నీకు. నువ్వు చూపించే టైరు ట్రాక్టరుకు ఎక్కించేట్టు ఉండాది."

"ఎక్కేది సరే, దిగేటప్పుడు? గులకరాళ్ల మీద జారితే కింద ఉండేది లోయ."

చింతామణిలో గంగాధరప్ప సైకిలు షాపు అది. పొద్దుటి నుంచీ ఇదే పంచాయితీ. మొగుడూ పెళ్లాలిద్దరూ వారం రోజులు హిమాలయాల్లో సైకిళ్ల మీద తిరగడానికి పోతున్నారు. సైకిళ్లు సిద్ధమే, టైర్ల దగ్గరే తెగడం లేదు. గంగాధరప్ప రెండు రకాలూ చెరొక చేత పట్టుకొని ఇటొకసారి అటొకసారి చూస్తున్నాడు.

అమరేష్ తల్లి జయలక్ష్మమ్మ అప్పటిదాకా స్టూలు మీద కూర్చొని అంతా వింటోంది. ఈ ప్రయాణం ఎట్లాంటిదో చూద్దామనే జంగమకోటె నుంచి కొడుకూ కోడలి వెంట పని గట్టుకొని వచ్చింది.

"టైరు కాడే కుదరల్యా మీకు, ఇంగ కొండ కాడ ఏం కుదురుతుంది? పోయేదే వద్దు," అంది.

"అమ్మా, టికెట్లు కూడా తీసుకొంటిమి కదా!"

"తీసుకొంటే? కాలో చెయ్యో ఇరిగితే ఆ టికెట్టుతో కట్టు కట్టుకుంటావా?"

నయన ముఖం చిన్నబోయింది. పెళ్లయినాక ఇద్దరూ కలిసి పోతున్న మొదటి ప్రయాణం ఇదే. జయలక్ష్మమ్మ వద్దంటే ఆ ఇంట్లో ఇంకెవరూ సరే అనరు.

గంగాధరప్ప గొంతు సవరించుకున్నాడు. "ఒక పని చేస్తామమ్మా. మురుగమల్ల దారిలో గుట్ట ఉండాది కదా. ఒక సైకిలుకు ఇవి, ఒకదానికి అవి ఎక్కించిస్తా. దిగమనండి. మీరే చూసి చెప్పండి."

జయలక్ష్మమ్మ స్టూలు మీంచి లేచింది. "సరే. ఎవురు జారినా పోయేది లేదు. మళ్ల నన్ను అడగకూడదు."

గుట్ట మీద ముందు అమరేష్ దిగాడు. సగం దాకా గాలిలాగే పోయాడు. మలుపులో గులక తగిలింది. వెనక చక్రం పక్కకు జారి, సైకిలు ఒకవైపు, అతను ఒకవైపు పడ్డారు. మోచేయి దులుపుకుంటూ లేచి, దెబ్బేమీ తగలలేదని కిందినుంచే చెయ్యూపాడు.

"అయిపోయె. పదమ్మా ఇంటికి," అంది జయలక్ష్మమ్మ.

"జారింది ఆయన టైరత్తా. నాది చూడనే ల్యా మీరు," అని నయన మారుమాటకు చోటివ్వకుండా బయలుదేరింది. వెడల్పు టైర్ల పళ్లు రాళ్లను కరుచుకుంటూ దిగాయి. మలుపులో చక్రం కొంచెం కూడా కదల్లేదు. పందెం పోయిన సంగతి మరిచిపోయి అమరేష్ చప్పట్లు కొట్టాడు.

నయన సైకిలు తోసుకుంటూ పైకొచ్చేసరికి అత్త నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉంది.

"బ్రేకు పట్టుకొని నువ్వు జాగర్తగా దిగితివి. అందులో టైరు గొప్పేముండాది? ఇటియ్యి."

"అత్తా, వద్దు!"

"రోజూ పట్టుపురుగుల ఆకు కోసం తోటకు సైకిల్లో పోతాండేది ఎవురు? మీ మామనా?"

జయలక్ష్మమ్మ చెంగు నడుముకు బిగించింది. కోడలి హెల్మెట్టు జుట్టుముడి మీద కూర్చోకపోతే ముడి విప్పేసి పెట్టుకుంది. నయన పట్టీ బిగించే లోపే పెడలు తొక్కింది.

ఆమె బ్రేకు పట్టలేదు. గాజులు గలగలమన్నాయి. మలుపు దాటింది, అమరేష్‌ను దాటింది, తంగేడు పొదల్లోకి పోయి కనపడకుండా పోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఇద్దరూ పరుగెత్తారు. ఎండిపోయిన కాలవలో జయలక్ష్మమ్మ కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. జుట్టంతా ముఖం మీద పడింది. చీర నిండా ఉత్తరేణి గింజలు. పక్కన సైకిలు చక్రం ఇంకా తిరుగుతోంది.

"అత్తా, యాడ తగిలింది? చెప్పండత్తా!" నయనకు ఏడుపొచ్చేసింది.

జయలక్ష్మమ్మ ముఖం మీది జుట్టు వెనక్కి తోసుకుంది. లేచి, కాలు రెండుసార్లు విదిలించి చూసుకొని, ముందు నడిచింది. షాపు చేరేదాకా ఎవరి వైపూ చూడలేదు. అమరేష్ కళ్లతోనే పెళ్లానికి చెప్పాడు, అంతా అయిపోయిందని.

"ఆ టైర్లు ఇప్పేయప్పా," అన్నాడు గంగాధరప్పతో. "మేం పోయేది లేదు."

చీరకంటిన గింజలు ఒక్కొక్కటే పీకుతున్న జయలక్ష్మమ్మ తలెత్తింది. "ఎవురు చెప్పిండేది నీకు? వెడల్పువే బాగుండాయి. పడింది నేను టైరు తప్పుతో కాదు, కాలవ చూసుకోల్యా. రెండు సైకిళ్లకూ అవే ఎక్కించు గంగాధరప్పా."

నయన ఒక్క గెంతులో వచ్చి అత్తను వాటేసుకుంది. అమరేష్‌కు నవ్వు ఆగలేదు. గంగాధరప్ప అప్పటికే అమరేష్ సైకిలు పైకెత్తి స్టాండుకు తగిలించాడు.

"అట్లే దాని సీటు కూడా కొంచెం దించప్పా," అంది జయలక్ష్మమ్మ.

"నాకు సీటు సరిగ్గానే ఉండాది కదమ్మా?"

"నీకెందుకురా సీటు? నువ్వు ఇంట్లో పట్టుపురుగులకు ఆకేస్తా ఉండు. మనాలికి పోయేది నేనూ నా కోడలూ."