అర్థం ఒకటేగా!

"మేడమ్, ప్రింటింగ్ మెషిన్ల మీద మీరు చేయించిన తాకట్టు నమోదులో పేరు తప్పు పడింది."

అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీసిన లోన్ ఆఫీసరమ్మ తలెత్తి చూసింది.

ఎదురుగా నడివయసు మనిషి. చెరగని ఇస్త్రీ, చెదరని క్రాపు. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"ఏ మెషిన్లు?"

"అన్నదమ్ముల ప్రెస్‌వి."

ఆ లోను ఆమె చేతుల మీదుగానే వెళ్లింది. అన్నదమ్ముల ప్రెస్ అన్నమాటే గానీ, దాని ఓనరుకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. ఉన్నదల్లా ఒక అక్క. భర్త పోయాక బట్టలు కుట్టుకు బతుకుతున్న ఆ అక్కే తన రెండు గదుల ఇంటిని హామీగా పెట్టింది.

సంతకం దగ్గర ఆవిడ వెనకాడితే, ఆఫీసరమ్మే ధైర్యం చెప్పింది.

"ఏం కాదక్కా. మీ తమ్ముడు కట్టకపోతే ముందు మెషిన్లు పట్టుకెళ్తాం. మా బాకీ వాటితోనే తీరిపోతుంది. మీ ఇంటి జోలికి రాం."

ఇప్పుడీయనెవరో వచ్చి ఆ నమోదే తప్పంటున్నాడు.

"తప్పేముందండీ అందులో?"

"రిజిస్ట్రేషన్‌లో ఆ సంస్థ పేరు సోదర ప్రింటర్స్. మీరు బోర్డు మీది పేరు రాశారు."

ఆఫీసరమ్మకు నవ్వొచ్చింది.

"సోదరులన్నా అన్నదమ్ములన్నా తేడా ఏముంది? అర్థం ఒకటేగా!"

"అర్థాలు మనకమ్మా. కంప్యూటరుకు అక్షరాలే."

ఆమె విసురుగా కంప్యూటరు వైపు తిరిగి, అప్పులిచ్చే కంపెనీలన్నీ చూసుకునే తాకట్ల రిజిస్ట్రీ తెరిచి, 'అన్నదమ్ముల ప్రెస్' అని కొట్టింది. టక్కున వచ్చేసింది.

"ఇదిగో, నిక్షేపంలా ఉంది!"

"మీరు పెట్టిన పేరుతో మీరే వెతికితే దొరక్కేం? రేపు ఇంకో కంపెనీ అసలు పేరుతో వెతుకుతుంది. ఎవరి తాకట్టూ లేదని చూసి, అవే మెషిన్ల మీద అప్పిచ్చి, సరైన పేరుతో రాయించుకుంటుంది. అప్పుడు మెషిన్లు వాళ్లవి. మీరేమో ఆ కుట్టుపనావిడ ఇంటి మీద పడాలి. ఒక్కసారి అసలు పేరు కొట్టి చూడండమ్మా, పుణ్యముంటుంది."

"ఇంతకీ మీరెవరు? ఇవన్నీ మీకెలా తెలుసు?"

ఆయన ఒకసారి వెనక్కి చూసి గొంతు తగ్గించాడు.

"అది మాత్రం చెప్పలేను."

ఆమెకు ఒళ్లు మండింది. ఇలాంటి బ్రోకర్లను ఎంతమందిని చూడలేదూ! ముందు భయపెడతారు. ఆనక 'నేను సరిచేయిస్తాగా' అంటూ చెయ్యి చాపుతారు.

"ఎంత కావాలేంటి మీకు?"

"అయ్యో, డబ్బు కోసం కాదు. ఈ వారంలోగా సరిచేయండి, చాలు. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"బెదిరిస్తున్నారా?"

ఆమె గార్డును కేకేసింది. గార్డు రెక్క పట్టుకున్నా ఆయన గుమ్మం దాకా వెనక్కి తిరిగి చెబుతూనే ఉన్నాడు.

"సోదర, మేడమ్! సోదర అని కొట్టండి!"

"పదండి సార్, పదండి."

కొట్టి చూడటానికి అరనిమిషం పట్టదు. కానీ పౌరుషం అడ్డొచ్చింది. దారిన పోయేవాడు చెబితే తన పని తాను దిద్దుకోవాలా? మర్నాడు చూద్దామనుకుంది. మర్నాడు టార్గెట్ల గొడవ. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయింది.

కొన్నాళ్లకు ప్రెస్ దివాలా తీసింది.

మెషిన్ల కోసం మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లేసరికి అక్కడ ఖాళీ నేల ఉంది. నేల మీద ఇంకు మరకలు, బోల్టులు పీకిన గుంతలు.

ఓనరు గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"ఇంకో కంపెనీ పట్టుకుపోయింది మేడమ్. మునిగిపోతూ అక్కడా చేశాను అప్పు. 'మెషిన్ల మీద ఎవరి తాకట్టూ కనపడట్లేదు' అన్నారు. నోరు మూసుకుని సంతకం పెట్టాను. పాపిష్టివాణ్ణి!"

ఆమె అప్పుడు కొట్టి చూసింది అసలు పేరు. ఆ కంపెనీ తాకట్టు ఒక్కటే ఉంది.

ఇల్లు జప్తు చేసిన రోజు ఆమె కూడా వెళ్లాల్సి వచ్చింది. కుట్టుమిషను, రెండు పెట్టెలు, ఒక పరుపు వీధిలో పెట్టారు. అక్క ఏడవలేదు, తిట్టలేదు.

"'మీ ఇంటి జోలికి రాం' అన్నావు కదా చెల్లీ," అంది.

ఆఫీసరమ్మ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. నెల తిరక్కుండా కంపెనీ ఆమెను ఇంటికి పంపేసింది.

ఎక్కడికెళ్లినా లేదు పొమ్మన్నారు. చివరికి పిలుపొచ్చింది ఒక్కచోట నుంచే. మెషిన్లు పట్టుకుపోయిన ఆ కంపెనీయే. తల కొట్టేసినట్టయింది. కానీ ఇంటద్దె ఆగదుగా, సిగ్గు చంపుకుని వెళ్లింది.

అక్కడి మేనేజరు బాగానే మాట్లాడాడు.

"మీ తప్పు సంగతి మాకు తెలుసండీ. ఒకసారి దెబ్బతిన్నవాళ్లు రెండోసారి ఒళ్లు దగ్గరపెట్టుకుంటారు. రిజిస్ట్రీలో పేర్లు వెతికి చూసే పని. సీటు ఖాళీగానే ఉంది. రేపట్నుంచి రండి."

ఆమెకు కళ్లనీళ్లొచ్చినంత పనయింది. మర్యాదకు అడిగింది.

"ఇంతకుముందున్నవాళ్లు మానేశారా సార్?"

"మేమే తీసేశాం. మీవాళ్లు పేరు దిద్దుకునేదాకా ఆగాలంటూ ఆ ప్రెస్ ఫైలును వారమంతా తొక్కిపెట్టి, పైగా మీ ఆఫీసుకే వెళ్లి చెప్పొచ్చాడట, మహానుభావుడు!"