బల్ల మీది ముక్క

"తిను. నమిలి మింగి చూపించి, నీ దారిన నువ్వు పో," అన్నాడు అంగడి పెత్తందారు ఫిలోతాస్.

బల్ల మీద పళ్ళెంలో పంది మాంసం ముక్క పొగలు కక్కుతోంది. త్రుఫైనా దాన్ని ముట్టలేదు. బేరాలు ఆపి జనం చుట్టూ మూగారు.

యూదులంతా తమ పేట దాటి రాకూడదని వారం కిందటే అలెగ్జాండ్రియాలో చాటింపు వేశారు. ఈ సందులో ఇంకా ఒక యూదు ఆడది దుకాణం పెట్టుకుని ఉందని ఎవరో కబురు మోశారు. సందులో ఆడవాళ్ళ దుకాణాలు రెండే. నార బట్టలమ్మే త్రుఫైనాది ఒకటి, పక్కన జీలకర్ర అమ్మే ముసలి దోసితియాది ఒకటి. ఇద్దరూ నిరుడు ఒకే ఓడలో సైరీన్ నుంచి వచ్చి దిగినవాళ్ళు. వాళ్ళ పుట్టుపూర్వాలు ఇక్కడెవరికీ తెలియవు. యూదులు పంది మాంసం ముట్టరు కనుక, తేల్చడానికే ఈ బల్ల. తినని మనిషికి ఇరవై కొరడా దెబ్బలు, దుకాణం జప్తు. మొన్న ఒక ముసలాయన పదో దెబ్బకే ప్రాణం వదిలాడు.

వీళ్ళు పందిని దేవుడని కొలుస్తారట, అన్నాడు గుంపులో ఒకడు. మేనమామ వరస అవుతుందేమో కనుక్కోండి, అన్నాడు ఇంకొకడు. అందరూ పగలబడి నవ్వారు. త్రుఫైనాకు ఒళ్ళు మండిపోయింది. సాటి మనిషి కంచంలోకి తొంగిచూడడానికి అసలు వీళ్ళెవరు?

వెనక నుంచి దోసితియా ఆమె ముసుగు చెంగు లాగింది.

"తినేయమ్మా. నీకెందుకీ గొడవ?"

"నువ్వు ఊరుకో పిన్నీ," అని త్రుఫైనా ఫిలోతాస్ వైపు తిరిగింది. "ఐసిస్ గుళ్ళో పూజారి చేప ముట్టడు. అతన్ని ఏనాడైనా ఈ బల్ల దగ్గర నిలబెట్టావా?"

"ఆయన పూజారి."

"మరి ఈ ముక్క వద్దనేవాళ్ళు మనుషులు కారా? తిండి పేరు చెప్పి ఆడవాళ్ళ నోట్లో చెయ్యి పెడతావే, సిగ్గు లేదూ నీకు?"

ఆ మాట అంటూనే పళ్ళెం ఎత్తి అతని కాళ్ళ దగ్గర విసిరికొట్టింది. ముక్క దుమ్ములో పడింది.

"దొరికింది," అన్నాడు ఫిలోతాస్. ఇక ముసలిదానితో పని లేదు, పొమ్మన్నాడు. దోసితియా ఏడుస్తూ అక్కడే నిలబడిపోతే, త్రుఫైనాయే కసిరి ఇంటికి పంపేసింది.

ఇరవై దెబ్బలూ పడ్డాయి. నవ్వినవాళ్ళే నార థానులు తలా ఒకటి భుజాన వేసుకుపోయారు. దెబ్బల కన్నా ఆ నవ్వులే త్రుఫైనాను ఎక్కువ మండించాయి.

గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. కూతురు ఆమె వీపు చూసి భోరుమంది. ఏడుపు తర్వాత, ముందు ఆకలేస్తోంది, ఏదైనా పెట్టమంది త్రుఫైనా.

తాతల నాటి నుంచీ వాళ్ళ వంశంలో వండుకునే పంది కాళ్ళ పులుసే రొట్టెలోకి వడ్డించింది కూతురు.