చెంప మీద తెల్లటి అచ్చు

బేకరీ మాస్టర్ లాగి కొట్టిన చెంపదెబ్బకు బావమరిది వెళ్లి వంటింటి అలమరకు గుద్దుకున్నాడు. గిన్నెలన్నీ దడదడా కింద పడ్డాయి.

"నీ జేబులో ఈ బన్ను ఎవరికోసంరా? గోధుమ నలుసంత కూడా తగలకూడదని డాక్టర్ చెప్పి నెల దాటింది. అయినా నా కూతురు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోందంటే, దొంగచాటుగా పెడుతున్నది నువ్వే!"

"అది నేను తినడానికి బావా! పాప మీద ఒట్టు."

"నా కూతురి మీద ఒట్టేస్తావా!" మాస్టర్ అతని గొంతు పట్టి గోడకేసి అదిమాడు. చిట్లిన పెదవి నుంచి రక్తం చొక్కా మీదికి కారింది.

"వదులు, చచ్చిపోతాడు!" భార్య మధ్యలో దూరి తమ్ముడి మొహం తనవైపు తిప్పుకుంది. అలాగే నిలబడిపోయింది.

అతని చెంప మీద ఐదు వేళ్లూ తెల్లగా అచ్చుపడి ఉన్నాయి. వేలితో తుడిచి చూసింది. గోధుమపిండి.

"పొద్దుట్నుంచీ పిండి పిసుకుతావు. మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చి, చేతులు దులుపుకుని, దానికి అన్నం ముద్దలు పెడతావు. ఒక్కరోజైనా కడుక్కున్నావా?"

ఇరవై ఏళ్లుగా పిండిలోనే బతికిన మనిషికి పిండి ఎప్పుడూ మురికిగా అనిపించలేదు. గొంతు మీది చెయ్యి దానంతటదే జారిపోయింది.

పక్కగదిలోంచి పాప నీరసంగా పిలిచింది.

"నొప్పి కాస్త తగ్గింది నాన్నా. ముద్దలు పెట్టవా?"

మాస్టర్ రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.