ముసలి కౌజు

"బాపూ, రేపు పట్నం నుంచి మా దోస్తులు వస్తుండ్రు. గీ పంజరం చూస్తే నా పరువేం గాను?"

అరుగు మీద తాడు పేనుతున్న జానయ్య తలెత్తలేదు. "వేట బందు పెట్టి ఏండ్లాయె బిడ్డా. ఒక్క ముసలి కౌజు పిట్ట. ఉండనియ్యి."

పరశురాం ఇప్పుడు పేరున్న పిట్టల ఫొటోగ్రాఫర్. పిట్టలను పట్టొద్దు, పంజరంలో పెట్టొద్దు అని ఊరూరా చెప్పే మనిషి. అలాంటివాడి ఇంటి చూరుకే కౌజు పంజరం వేలాడితే నలుగురూ నవ్విపోరూ?

నిజం చెప్పాలంటే అతనికి విద్య నేర్పింది ఆ వేటే. చిన్నప్పుడు బాపు వెంట అమ్రాబాద్ గుట్టలకు పోయేవాడు. బాపు తన పెంపుడు కౌజును బండ మీద వదిలితే, అది ఎటూ పోకుండా నిలబడి కూసేది. ఆ కూత విని అడవి కౌజులు పోట్లాటకు వచ్చి వలలో పడేవి. అంతసేపూ తండ్రీకొడుకులు పొదలో ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. దోమ కుట్టినా కదలకపోవడం అతనికి అక్కడే అబ్బింది.

మొదటి ఫొటో కూడా ఆ గుట్టల్లోదే. రాష్ట్రం వచ్చిన కొత్తలో, కల్వకుర్తి స్టూడియోలో పనిచేస్తూ ఓనర్ కెమెరా అడిగి తెచ్చుకున్నాడు. వారమంతా పొదలో కూర్చున్నా ఒక్క పిట్టా ఎదురుపడలేదు.

"నాతోని గాదు బాపూ. కెమెరా ఇచ్చేస్త."

"రేపొక్కనాడు కూసో. నేను జర అటు కట్టెలకు పోయొస్త."

మర్నాడు తెల్లారగానే ఒక కౌజు బండెక్కి, మెడ చాచి కూసింది. కెమెరా చప్పుడుకు కూడా బెదరలేదు. ఆ ఫొటోకు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టాడు. బహుమతి వచ్చింది, దాంతోపాటే బతుకూ మారింది. ఇంట్లో గోడకున్న ఒకే ఒక్క పటం అదే.

మధ్యాహ్నం జానయ్య బజారుకు వెళ్లగానే పరశురాం పంజరం తలుపు తీశాడు. పిట్ట బయటికి రాలేదు. తువాలలో చుట్టి తీసుకెళ్లి గుట్ట కింద వదిలాడు. అది నాలుగడుగులు వేసి మళ్లీ అతని కాళ్ల దగ్గరికే వచ్చింది. మనసు చివుక్కుమన్నా, అదిలించి వచ్చేశాడు.

"యాడ ఇడిసినవ్?" ఖాళీ పంజరం చూసి అడిగాడు జానయ్య.

"గుట్ట కింద. అడివిల బతకనియ్యి బాపూ."

"గింజ ఏరుకునుడు మరిసింది బిడ్డా అది. కుక్క వచ్చినా ఉరకది."

ఇద్దరూ గుట్టకు పరుగెత్తారు. జానయ్య ఈల వేస్తూ ప్రతి పొదా వెతికాడు. చివరికి ఒక తంగేడు చెట్టు కింద ఈకలు దొరికాయి. వాటిని తువాల కొంగున ముడేసుకున్నాడు.

"తప్పయింది బాపూ. దాని మీద నీకింత పాణమని నాకు తెల్వదు. ఒక్క మాటన్న చెప్పకపోతివి."

"చెప్పేదేమున్నది."

ఇంటికి రాగానే జానయ్య కాళ్లయినా కడుక్కోకుండా గోడ ముందు నిలబడ్డాడు. చాలాసేపు పటాన్నే చూశాడు. తర్వాత కొడుకు వీపు నిమిరాడు.

"పోనీ తియ్యి బిడ్డా, దాని ఫొటో అన్న ఉన్నది."